ఓరిజెను పండితుని జీవితమును, ఆయన గ్రంథముల గతియును

లోకమున గొందఱు మహనీయులు జీవించియున్న కాలముకంటె మరణానంతరమున నెక్కువ కష్టములకు లోనగుదురు. బ్రదికియున్నవాడు తన మాటకు దానే యర్థము చెప్పుకొనగలడు. అపవాదము వచ్చినప్పుడు సమాధాన మీయగలడు. పొరపాటు చేసినచో దిద్దుకొనగలడు. చనిపోయినవాని మాటలో, పరుల చేతులలో జిక్కి, శిష్యుల యభిమానమును బట్టియు, విరోధుల ద్వేషమును బట్టియు, అనువాదకుల భయమును బట్టియు రూపు మాఱుచుండును. ఇట్టి దశకు లోనైనవారిలో ఈజిప్టు దేశమందలి అలెగ్జాండ్రియా నగరమున బుట్టిన ఓరిజెను మొదట నెన్నదగినవాడు. క్రైస్తవ మతమునందు తత్త్వవిచారమును, బైబిలు పాఠపరిశోధనమును ఒక శాస్త్రముగా నెలకొల్పినవారిలో నీయన యగ్రగణ్యుడు. ఆ మతము నిమిత్తమై చెఱసాలలో హింసల ననుభవించినవాడు. అయినను ఆయన చనిపోయిన మున్నూఱేండ్లకు ఆ మతమునకు జెందిన మహాసభయే యాయన పేరును మతద్రోహుల పట్టికలో జేర్చెను.

మన దేశమున నాంగ్లవిద్య నభ్యసించినవారికి ఓరిజెను పేరు రెండు త్రోవలలో వినబడుచుండును. ప్రాచీన క్రైస్తవాచార్యుల గ్రంథముల యాంగ్లానువాదములను జదువువారు ఒక త్రోవను విందురు. పునర్జన్మ సిద్ధాంతమును గూర్చిన వాదములలో మఱియొక త్రోవను విందురు. ఈ రెండు త్రోవలలో వినబడు ఓరిజెనులు ఒక్కరే యని నమ్ముట కష్టము. కావున నాయన యెవరు, ఏమి వ్రాసెను, ఆ వ్రాతలు ఏ దారిని మనకు జేరినవి యను మూడు విషయములను సత్యమునకు లోపము రాకుండ నిచ్చట వివరింప దలచితిమి.

ఓరిజెను క్రీస్తుశకము 185వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. అప్పటి అలెగ్జాండ్రియా రోమక సామ్రాజ్యమున గొప్ప రేవుపట్టణము, విద్యలకు బుట్టినిల్లు. గ్రీకులును, యూదులును, ఈజిప్టువారును ఆ నగరమున గలసి నివసించుచుండిరి. యూదుల ధర్మశాస్త్రము హెబ్రీ భాషనుండి గ్రీకులోనికి బరివర్తనము పొందినది యచ్చటనే. మోషే ధర్మమునకును ప్లేటో తత్త్వమునకును సమన్వయము చేయజూచిన ఫైలో యను యూదపండితుడు నివసించినదియు నచ్చటనే. క్రైస్తవులకు నా నగరమున నొక విద్యాపీఠ ముండెను. పాంటీనసు దాని తొలి యాచార్యుడు. ఆయన మతప్రచారార్థమై హిందూదేశమునకు వచ్చెనని యూసీబియసను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. అది మన దేశమో, అరేబియా దక్షిణ తీరమో యని పండితులు సందేహించుచున్నారు. పాంటీనసు తరువాత క్లెమెంటను పండితుడు ఆచార్యుడయ్యెను. గ్రీకు గ్రంథములలో బుద్ధుని పేరును స్పష్టముగా నుదాహరించిన తొలివారిలో నీ క్లెమెంటు ఒకడు.

ఓరిజెను తండ్రియగు లియోనిడెసు విద్యావంతుడు, క్రైస్తవ భక్తుడు. కుమారునకు గ్రీకు విద్యలతోపాటు ప్రతిదినము బైబిలు భాగములను గంఠస్థము చేయించుచుండెను. బాలుడు వల్లించుటతో దృప్తి నొందక, ఈ మాటల లోపలి యర్థమేమని తండ్రిని బ్రశ్నించుచుండెను. తండ్రి పైకి మందలించినను, అట్టి కుమారు నిచ్చినందుకు లోలోపల దేవునకు గృతజ్ఞుడై, నిద్రించుచున్న బిడ్డ ఱొమ్మును ముద్దిడుకొనుచుండెనని చెప్పుదురు. 202వ సంవత్సరమున సెప్టిమియసు సెవెరసు చక్రవర్తి కాలమున క్రైస్తవులకు హింసలు ప్రారంభమయ్యెను. లియోనిడెసు ఖైదు చేయబడెను. అప్పటికి ఓరిజెనునకు బదునేడేండ్లు నిండలేదు. తానును బోయి ప్రాణము లర్పింతునని యాతడు పట్టుపట్టగా, తల్లి యెంత బ్రతిమాలినను వినకపోయెను. తుదకు నామె కుమారుని బట్టలన్నియు దాచివేసి యిల్లు వెడలకుండ జేసెను. మాకొఱకై మీ నిశ్చయమును విడువవలదని యాతడు చెఱసాలలోని తండ్రికి జాబు వ్రాసెను. తండ్రి శిరచ్ఛేదము పొందెను. ఆస్తి ప్రభుత్వము వారి పాలయ్యెను. తల్లియు, ఆఱుగురు తమ్ములును ఓరిజెను మీద బడిరి.

ఇచ్చట నా తల్లిని గూర్చి యొక మాట చెప్పక తప్పదు. చరిత్రకారులామె పేరునైన వ్రాయలేదు. ఆమె బట్టలు దాచకున్నచో ఓరిజెను పేరు ఆ యేట జచ్చిన హతసాక్షులలో నొకటిగా మిగిలియుండెడిది. ఆయన గ్రంథములలో నొక్కటియు బుట్టియుండెడిది కాదు. పురుషుల వీరత్వమును వర్ణించు చరిత్రలలో స్త్రీల వివేకమునకు దక్కు స్థలము తఱచుగా నింతియే.

ఓరిజెను వ్యాకరణ సాహిత్యములను బోధించి కుటుంబమును బోషింప నారంభించెను. హింసల వలన గ్రైస్తవ విద్యాపీఠమున బోధించువారు లేక పోయిరి. క్రొత్తగా మతమును దెలిసికొనగోరువారు ఈ బాలుని యొద్దకే రాసాగిరి. పదునెనిమిదవ యేట డెమెట్రియసను బిషప్పు ఆ విద్యాపీఠము నాతని కప్పగించెను. అది సుఖమైన పదవి కాదు. శిష్యులలో ననేకులు పట్టువడి వధింపబడుచుండిరి. గురువు వారితో వధ్యస్థానము వఱకు నడచి, ప్రజలు ఱాళ్లు రువ్వుచున్నను వెఱవక వారిని ముద్దిడుకొని సాగనంపుచుండెను. లౌకిక సాహిత్య బోధనము నిప్పుడు తనకు దగదని తలచి, తన గ్రీకు గ్రంథముల ప్రతులను విక్రయించి, కొన్నవాడు దినమునకు నాలుగు ఓబొలు నాణెములు చొప్పున నిచ్చునట్లు ఏర్పఱచుకొని, దానితో గాలక్షేపము చేసెను. శిష్యు లియ్యవచ్చిన ధనమును స్వీకరింపలేదు. పాదరక్షలు విడిచెను, నేలపై బరుండెను, రాత్రిలో నధికభాగము చదువులో గడపెను.

ఈ యౌవనోత్సాహములో నొక గొప్ప ప్రమాదము కూడ జరిగెను. పరలోకరాజ్యము కొఱకు నపుంసకులైనవారిని గూర్చి మత్తయి సువార్తలోనున్న వాక్యము నక్షరార్థమున గ్రహించి, ఓరిజెను తన శరీరమునకు దానే హాని చేసికొనెనని యూసీబియసు వ్రాసెను. ఈ వృత్తాంతమును నేటి పండితులలో గొందఱు శంకింతురు. కాని నిశ్చయమైన విషయ మొకటి కలదు. వృద్ధాప్యమున మత్తయి సువార్తకు వ్యాఖ్యానము వ్రాయునపుడు ఓరిజెను ఆ వాక్యము నక్షరార్థమున దీసికొనుట తప్పని గట్టిగా వ్రాసియున్నాడు. గ్రంథమున నక్షరమొక్కటే చాలదు, లోపలి యర్థమును వెదకవలయునని జీవితమంతయు బోధించిన యాచార్యుని యీ మాట స్వానుభవము వలన వచ్చినదైనను గాకున్నను, చదువరులు తలపోయదగినది.

తన యొద్దకు వచ్చువారిలో వేదాంతులును, పరమత పండితులును నుండుట జూచి, వారి శాస్త్రములను దెలియక వారికి సమాధానము చెప్పుట న్యాయము కాదని ఓరిజెను తలచెను. అమ్మోనియసు సక్కాసను తత్త్వవేత్త యొద్ద నాయన చదివెనని, క్రైస్తవుల కాజన్మ విరోధియగు పార్ఫిరీ వ్రాసెను. ప్లొటైనసను మహాతత్త్వవేత్తకును అమ్మోనియసే గురువు. ఓరిజెను బుద్ధి గ్రీకుబుద్ధియే యైనను నడవడి మాత్రము క్రైస్తవుల నడవడి యని పార్ఫిరీ యాక్షేపించెను. క్రైస్తవులలో గొందఱును అదే యాక్షేపణమును దలక్రిందుగా జేసిరి. ఇరువైపుల వారికిని అనుమానపాత్రు డగుట స్వతంత్రముగా విచారించువానికి దప్పని దండనము. హెబ్రీ భాషను నేర్చుటకును ఓరిజెను ప్రయత్నించెను; యూదపండితుల నడిగి తెలిసికొన్న సంగతులను దాచక తన గ్రంథములలో జెప్పెను. అప్పటి క్రైస్తవులలో నీ పనికి బూనుకొన్నవారు చాల యరుదు.

ఆయన గ్రంథరచనకు దోడుపడినవాడు అంబ్రోసను ధనికుడు. ఇతడు వేఱొక శాఖనుండి ఓరిజెను బోధవలన మఱలి వచ్చినవాడు. ఓరిజెను నోటివెంట వచ్చుమాటలను సంకేతలిపితో వ్రాసికొనుటకు నేడుగురికంటె నెక్కువమంది లేఖకులను, శుభ్రప్రతులు వ్రాయుటకు మఱికొందఱిని, అందమైన దస్తూరి గల బాలికలను సైత మితడు జీతమిచ్చి నియమించెను. ఓరిజెను వ్రాసిన గ్రంథము లాఱు వేలని తరువాతివారు చెప్పిన మాట యతిశయోక్తియే. కాని జెరోమను లాటిను పండితుడు కూర్చిన పట్టికలోనే వందలకొలది పేరులు కలవు. ఒక పండితుని మేధస్సు, ఒక ధనికుని యుదారత, పేరు తెలియని లేఖకుల శ్రమ, ఈ మూడును గూడినందున నీ గ్రంథరాశి యేర్పడెను.

ఆ రాశిలో రెండు గ్రంథములను ముందుగా జెప్పవలెను. మొదటిది హెక్సాప్లా. పాత నిబంధనము యొక్క గ్రీకు ప్రతులు ఒకదానితో నొకటి సరిపడకుండుట జూచి, ఓరిజెను మూలమును, అనువాదములను ఆఱు వరుసలలో బ్రక్కప్రక్కన వ్రాయించెను. మొదటి వరుస హెబ్రీ మూలము. రెండవది ఆ హెబ్రీ శబ్దములే గ్రీకు లిపిలో. తక్కిన నాలుగును అక్విలా, సిమ్మాకసు, డెబ్బదిమంది పండితులు, థియొడోషను అనువాదములు. హెబ్రీలో లేక గ్రీకులో నున్న భాగమునకు నొక గుర్తు, గ్రీకులో లేక హెబ్రీలో నున్నదానికి మఱియొక గుర్తు పెట్టించెను. తనకు నచ్చిన పాఠమును నిలిపి తక్కినవానిని దాచలేదు. అన్నియు జదువరి కన్నుల యెదుట నుంచెను. ఈ మహాగ్రంథము నశించినది. మిగిలిన ఖండములను ఫ్రెడరిక్ ఫీల్డు పండితుడు సేకరించి 1875 నాటికి ఆక్సుఫర్డునందు బ్రకటించెను.

రెండవది మూలతత్త్వములు అను నాలుగు భాగముల గ్రంథము. ఇందు దేవుడు, లోకము, జీవులు, స్వేచ్ఛ, శాస్త్రార్థ గ్రహణము అను విషయములను ఓరిజెను క్రమముగా విచారించెను. ఉపోద్ఘాతముననే యాయన యొక ముఖ్యమైన విభాగము చేసెను. అపొస్తలులు స్పష్టముగా బోధించినవి యివి. వారు నిర్ణయింపక విచారణకు విడిచినవి యివి యని వేఱుపఱచెను. ఆత్మ యెట్లు పుట్టినదను ప్రశ్న రెండవ తరగతిలోనిది. అట్టి ప్రశ్నలను గూర్చి యాయన చెప్పినవి ఊహలే గాని శాసనములు కావు. బుద్ధిగల జీవులన్నియు దేహములకు బూర్వమే సృష్టింపబడి, స్వేచ్ఛను దుర్వినియోగము చేసి వేర్వేఱు దశలకు దిగినవనియు, దేవుడు విధించు శిక్ష పగదీర్చుకొనుట గాక వైద్యుని చికిత్స వంటిదనియు, తుదకు సర్వమును దేవుని యందు సమాధానమును బొందుననియు నాయన యూహించెను. పుట్టుకలో నొకడు రాజభవనమునను, ఒకడు దైన్యమునను బడుటకు గారణమేమని యడుగువారికి, దేవుని న్యాయమునకు లోపము రాకుండ సమాధానము చెప్పుటయే యీ యూహల యుద్దేశము.

ఓరిజెను కీర్తి నలుదెసల వ్యాపించెను. అరేబియా పాలకుడు తనకు బోధింపుమని కబురంపెను. అలెగ్జాండర్ సెవెరసు చక్రవర్తి తల్లియగు జూలియా మమీయా రక్షకభటుల బంపి యాయనను అంతియొకయకు బిలిపించుకొనెను. పాలస్తీనా బిషప్పులు గురుపట్టము లేకున్నను ఆయనచే దమ సభలలో బ్రసంగము చేయించిరి. డెమెట్రియసు దీనిని సహింపలేదు. 230వ సంవత్సర ప్రాంతమున ఓరిజెను గ్రీసు దేశమునకు బోవుచు కైసరయ యందు దిగినపుడు, అచ్చటి బిషప్పగు థియోక్టిస్టసును, యెరూషలేము బిషప్పగు అలెగ్జాండరును గూడి యాయనకు గురుపట్ట మిచ్చిరి. తన యనుమతి లేక తన యూరివానికి బట్ట మిచ్చిరని డెమెట్రియసు మండిపడి, సభలు గూర్చి యాయనను వెలివేయించెను. తాను ఇరువది యైదేండ్లకు మించి సేవించిన విద్యాపీఠమును విడిచి ఓరిజెను కైసరయకు జేరెను. యోహాను సువార్త వ్యాఖ్యానమున నీ తుఫానును గూర్చి కొంచెముగా మాత్రమే ప్రస్తావించి, మనస్సు కుదుటపడిన పిదప నిలిచిన చోటనుండియే మరల వ్రాయ నారంభించెను.

కైసరయలో నాయన విద్యాపీఠ మెట్టిదో శిష్యుడగు గ్రెగరీ వ్రాసిన వీడ్కోలు ప్రసంగము వలన దెలియుచున్నది. ధర్మశాస్త్రమును జదువుటకు బోవుచుండిన యీ యువకుడు ఓరిజెను మాటలు విని, అచ్చటనే సంవత్సరముల తరబడి నిలిచిపోయెను. మొదట తర్కము, తరువాత బ్రకృతిశాస్త్రము, క్షేత్రగణితము, ఖగోళశాస్త్రము, పిదప నీతిశాస్త్రము, నాస్తికుల గ్రంథములు తప్ప తక్కిన తత్త్వవేత్తల గ్రంథము లన్నియు, చిట్టచివరకు బైబిలు. ఏ యొక్క తత్త్వమతమునకును దాసుడు గాకుండుటకై యన్నింటిని వినవలెనని గురువు నియమము. నీతిని మాటలతో గాక నడవడితో నేర్పుచుండెనని శిష్యుడు కొనియాడెను. నేటి కళాశాలలకును ఈ పాఠక్రమము సిగ్గుచేటు కాదు.

వార్ధక్యమున ఓరిజెను వ్రాసిన వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది సెల్ససునకు బ్రత్యుత్తరము. సెల్ససను గ్రీకు విద్వాంసుడు క్రైస్తవ మతమును ఖండించుచు 178వ సంవత్సర ప్రాంతమున సత్యవాక్కను గ్రంథమును వ్రాసెను. డెబ్బదియేండ్ల పిదప, 248 ప్రాంతమున, అంబ్రోసు కోరికపై ఓరిజెను ఎనిమిది భాగములలో దానికి బదులు వ్రాసెను. ప్రతిపక్షి వాదమును దనకు ననుకూలమగునట్లు కుదింపక, వాని మాటలనే వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెను. సెల్ససు గ్రంథము నేడు లేదు. అందులో మనకు దెలిసిన భాగమంతయు ఓరిజెను పుటలలో నిలిచినదే. తన శత్రువు కంఠమును వేయియేండ్లకు మించి కాపాడిన ప్రతివాది లోకమున నెందఱు? ఈ గ్రంథముననే మన బ్రాహ్మణుల పేరును, శ్రమణుల పేరును హిందూదేశపు తత్త్వవేత్తలుగా బేర్కొనబడియున్నవి.

250వ సంవత్సరమున డీసియసు చక్రవర్తి క్రైస్తవుల పీడింప నారంభించెను. ఓరిజెను చెఱసాలలో ద్రోయబడెను. మెడకు నినుప కడియము వేసి, కాళ్లను బొండకొయ్యలో నాలుగవ రంధ్రము వఱకు సాగదీసి, నిప్పుతో గాల్తుమని బెదరించిరి. చంపుటకంటె లొంగదీయుటయే వారి యభిప్రాయము. అఱువదియైదేండ్ల వృద్ధుడు లొంగలేదు. చక్రవర్తి చనిపోయిన తరువాత విడుదల పొందెను గాని శరీరము శిథిలమైపోయెను. 253 లేక 254లో, అఱువదితొమ్మిదవ యేట, ఆయన కాలధర్మము నొందెను. తూరు పట్టణమున సమాధి చేయబడెనని జెరోము వ్రాసెను.

ఇక గ్రంథముల గతి. పాంఫిలసను భక్తుడు కైసరయలో నాయన గ్రంథములను సేకరించి, చెఱసాలలో నుండియే యూసీబియసు సాయముతో నాయన పక్షమున సమర్థన గ్రంథమును వ్రాసి, 310 ప్రాంతమున దానును హతసాక్షి యయ్యెను. నాలుగవ శతాబ్దాంతమున విరోధము ప్రబలెను. 398లో రూఫైనసు మూలతత్త్వములను లాటినులోనికి దెచ్చెను. మూలగ్రంథమును విరోధులు చెడగొట్టిరని నమ్మి, మతసమ్మతము గాని చోటుల దగ్గించియు, ఓరిజెను ఇతర గ్రంథముల ననుసరించి సవరించియు వ్రాసితినని యాతడే యుపోద్ఘాతమున నొప్పుకొనెను. ఒకప్పుడు ఓరిజెనును మెచ్చుకొని, ఆయన ప్రసంగములను దానే యనువదించిన జెరోము, ఇప్పుడు విరోధియై, దోషములను వెల్లడింపవలెనని యక్షరానుసారమైన వేఱొక యనువాదము చేసెను. చిరకాల మిత్రులైన వీరిరువురును దీని మూలమున శత్రువులైరి. జెరోము అనువాదము కొన్ని తునకలు దప్ప నశించెను, రూఫైనసుది నిలిచెను. 543లో జస్టీనియను చక్రవర్తి ఓరిజెనును ఖండించుచు శాసనము వెలువరించెను. 553లో కాన్‌స్టాంటినోపిలు మహాసభ తన నిర్ణయములలో నాయన పేరును మతద్రోహులతో జేర్చెను. ఆత్మపూర్వస్థితి మొదలగు వానిపై బదునైదు ఖండనములు ఆ కాలముననే పుట్టినవి. అవి యాయన మాటల నుండి గాక, తరువాతి యనుయాయుల మాటల నుండి యెక్కువగా దీయబడినవని పలువురు పండితుల యభిప్రాయము. ఖండింపబడిన గ్రంథములకు బ్రతులు వ్రాయువారు తగ్గిపోయిరి. మూలతత్త్వముల గ్రీకు మూలము చాలవఱకు నశించెను.

ఆంగ్లమున ఓరిజెను సామాన్య పాఠకులకు లభించుట పందొమ్మిదవ శతాబ్దమున జరిగిన పని. ఎడింబరోలో రాబర్ట్సు, డొనాల్డుసనను పండితులు 1867 మొదలు ప్రకటించిన ప్రాచీనాచార్యుల గ్రంథమాలలో ఫ్రెడరిక్ క్రాంబీ 1869లో మూలతత్త్వములను, 1872 నాటికి సెల్సస్ ప్రత్యుత్తరమును ముగించెను. ఆ సంపుటములు అమెరికాలో బునర్ముద్రితములై లోకమంతట వ్యాపించినవి. క్రాంబీ చేసిన మంచిపని యొకటి కలదు. మూలతత్త్వముల నాలుగవ భాగమున గ్రీకు మూలము చాలవఱకు మిగిలియుండుటచే, రూఫైనసు లాటినునకును, గ్రీకునకును వేఱువేఱుగా ననువాదములు చేసి రెంటిని ముద్రించెను. చదువరి వానిని సరిచూచినచో రూఫైనసు ఎచ్చట విస్తరించెనో, ఎచ్చట మెత్తపఱచెనో తన కన్నులతో జూడవచ్చును. అన్ని యనువాదములును ఇట్లు నిష్కపటముగా జేయబడలేదు. ఆ మాలలోనే క్లెమెంటు గ్రంథమున వివాహ విషయములు గల మూడవ భాగమును, చదువరులకు సంకోచము గలుగునని, ఆంగ్లములో గాక లాటినులో ముద్రించిరి.

1936లో బటర్‌వర్తు చేసిన మూలతత్త్వముల యనువాదము మఱియొక దారిని ద్రొక్కినది. 1913లో జర్మనీ పండితుడు కోయెట్‌షౌ ప్రకటించిన పాఠము ననుసరించి, రూఫైనసు విడిచెనని తలచిన చోటుల జెరోము, జస్టీనియనుల వ్రాతలనుండి తునకలు తెచ్చి కూర్చెను. మిత్రుడు మెత్తపఱచినచోట శత్రువుల సాక్ష్యముతో నింపుట న్యాయమా యని పండితులు తరువాత నాక్షేపించిరి. 2017లో జాన్ బేరు ఆక్సుఫర్డునందు బ్రకటించిన యనువాదము ఆ తునకలను గ్రంథ శరీరమునుండి తొలగించెను. సెల్సస్ ప్రత్యుత్తరమునకు 1953లో హెన్రీ చాడ్విక్కు చేసిన యనువాదము ప్రామాణికమైనది. 1941లో కైరో సమీపమున తూరా గుహలను శుభ్రపఱచుచుండగా దొరకిన పత్రములలో ఓరిజెను, హెరాక్లైడెసను బిషప్పుతో జరిపిన సంభాషణము బయటపడెను. 1954లో దాని యాంగ్లానువాదము వెలువడెను. 2012లో మ్యూనిక్ గ్రంథాలయమున మరీనా మోలిన్ ప్రాడెలను విదుషీమణి యొక ప్రతిలో ఇరువదితొమ్మిది కీర్తనల ప్రసంగములను గనుగొనెను. 2020లో ట్రిగ్గు వానిని ఆంగ్లీకరించెను. ఖండింపబడిన వాని కంఠము పదునేడు శతాబ్దముల పిదపను క్రొత్తగా వినబడుచున్నది.

ఇప్పుడు పునర్జన్మ మాట. ఓరిజెను పునర్జన్మను బోధించెననియు, దానిని 553 నాటి సభ బైబిలునుండి తీసివేసెననియు మన దేశమున ననేకులు చెప్పుదురు. అచ్చు పుస్తకములలోను వ్రాయుదురు. మేము విచారించినంతలో నీ మాటకు నాధారము లేదు. ఆయన యూహించినది ఆత్మలు దేహమునకు బూర్వ ముండుట. అది యొకటి, ఆత్మ యొక మానవదేహమునుండి యింకొక దేహమునకు మాటిమాటికి బోవుట వేఱొకటి. మత్తయి సువార్త వ్యాఖ్యానమున ఏలీయా, యోహానుల ప్రస్తావన వచ్చినపుడు, అట్టి సంక్రమణము సంఘ బోధన కాదని యాయన స్పష్టముగా వ్రాసియున్నాడు. జెరోము మొదలగువారు ఆయన పశుజన్మలను గూడ నంగీకరించెనని యాక్షేపించిరి. రూఫైనసు పాఠమున నది కేవలము చర్చార్థముగా జెప్పిన మాటగా గనబడును. మహాసభ నిర్ణయములలోను బైబిలు వాక్యములను దొలగించిన జాడ లేదు. మన పూర్వులు తమ శాస్త్రములలో విస్తారముగ విచారించిన సిద్ధాంతమునకు బరదేశపు సాక్షి యొకడు కావలెనని, అతడు చెప్పని మాట నతని నోట బెట్టుట మనకు గౌరవము కాదు. విరోధులు చేసిన తప్పునే యభిమానము పేర మనము చేసినట్లగును.

విద్యావంతులగు మన చదువరులకు మా విన్నప మింతియే. పూర్వాచార్యుల గ్రంథముల నాంగ్లమున జదువునపుడు, చేతిలోని పుస్తకము ఎవరి మూలమునుండి, ఎవరి యనువాదమునుండి వచ్చినదో ముందుగా నుపోద్ఘాతమున జూడవలెను. రెండనువాదములు దొరకినచో రెంటిని బ్రక్కప్రక్కన నుంచి చదువవలెను; హెక్సాప్లా కర్తకు మనము చేయదగిన గౌరవ మదియే. గ్రంథకర్త నిశ్చయముగా జెప్పినదానిని, ఊహగా జెప్పినదానిని వేఱుపఱుపవలెను. ప్రతిపక్షి మాటను ఖండింపకముందు దానిని బూర్తిగా జదువరికి వినిపింపవలెను. ఓరిజెను సిద్ధాంతములలో మన కంగీకారము గానివి యుండవచ్చును. కాని దినమునకు నాలుగు ఓబొలులతో జీవించి, తన శత్రువు వాక్యములను సైతము చెడకుండ నిలిపినవానిని, ఆయన వ్రాయని వాక్యమునుబట్టి మెచ్చుకొనుటయు గూడదు, నిందించుటయు గూడదు.